ఖుషీ నుంచి కుషీ దాకా

మాటల మజిలీలు – 9

పోయిన వారం ఖాకీ కథ చెప్పుకున్నాం. పెషావరు దుమ్ము రంగు ప్రపంచ సైన్యాల ఒంటి మీదికి ఎలా ఎక్కిందో చూశాం. ఈ వారం మాట కూడా అదే సిపాయి మూటలో సముద్రం దాటింది. ఖాకీ కళ్లకు కనిపిస్తుంది కాబట్టి దాని పుట్టుక చాలామందికి తెలుసు. ఇది నాలుక మీద ఉండే మాట. అందుకే ఎక్కడి నుంచి వచ్చిందో వాడేవాళ్లే మరిచిపోయారు.

ఇంగ్లీషులో 'కుషీ' అని ఒక విశేషణం ఉంది. పని తక్కువ, జీతం ఎక్కువ, పైన అడిగేవాడు లేడు, అలాంటి కొలువును 'కుషీ జాబ్' అంటారు. బ్రిటన్‌లో 'కుషీ నంబర్' అని కూడా అంటారు. మనం నీడపట్టు ఉద్యోగం అంటామే, అదే. రాతలో 'కుషన్'కు వచ్చే అక్షరాలే దీనికీ మొదట వస్తాయి. దాంతో మెత్తటి దిండు నుంచే ఈ మాట పుట్టిందని ఇంగ్లీషువాళ్లలోనే చాలామంది నమ్ముతారు. అర్థం కూడా అతికినట్టే ఉంటుంది మరి. కానీ కుషన్ వంశం వేరు. లాటిన్‌లో తుంటికి వాడే మాటలో మొదలై, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. కుషీకి దానితో ఏ చుట్టరికమూ లేదు. ఇది మన ఖుషీ.

మన ఖుషీ అని చనువుగా అంటున్నా, అది మనకూ వలస వచ్చిందే. మూలం ఫారసీ 'ఖుష్': మంచి, ఇంపైన, సంతోషంగా ఉన్న. ఫారసీ, ఉర్దూ రాతలో ఖే పక్కన వావ్ అక్షరం ఇప్పటికీ రాస్తారు, పలకరు. ఇస్లాంకు ముందునాటి ఫారసీలో ఆ వకారాన్ని పలికేవారు. నోటిలో పోయిన శబ్దం రాతలో మిగిలిపోయింది. సుల్తానుల దర్బార్లతో, దఫ్తరాలతో ఆ మాట దక్కను చేరింది. ఖుష్‌ఖబర్, ఖుషామతు, ఖుష్బూ అంతా ఆ కుటుంబమే. ఒక్క జాగ్రత్త: నిజాం రాజ్యపు భూమి లెక్కల్లో కనిపించే 'ఖుష్కీ' మాత్రం ఈ ఇంటిది కాదు. అది ఎండు అనే అర్థమున్న 'ఖుష్క్' నుంచి వచ్చింది. అందుకే మెట్ట భూమి ఖుష్కీ, మాగాణి తరీ అయ్యాయి. పాత పహాణీ తిరగేస్తూ ఖుష్కీ భూమిని సంతోషాల భూమి అనుకుంటే ఆ రైతు ఒప్పుకోడు.

తెలుగు పల్లెల్లో ఆ ఖకారపు ఒత్తు ఎక్కువ కాలం నిలవలేదు. 'మస్తు కుషీగున్నడు' అనే నోటికి ఒత్తుతో పనిలేదు. ఇంగ్లీషువాడి గొంతులోనూ ఫారసీ ఖకారం పలకదు. అతనూ 'కుషీ' అనే అన్నాడు. ఒకరికొకరు సంబంధం లేకుండా వరంగల్ రైతూ, వేల్స్ గనికూలీ అదే రూపానికి చేరారు. ఈ మాటలో నాకు బాగా ఇష్టమైన సంగతి ఇది.

ఇంతకీ ఆ గనికూలీకి ఈ మాట ఎక్కడ దొరికింది?

1870లలో బ్రిటన్ యుద్ధమంత్రి ఎడ్వర్డ్ కార్డ్‌వెల్ సైన్యాన్ని కొత్త పద్ధతిలో పేర్చాడు. పదాతి పటాలాలను జంటలుగా కట్టాడు. జంటలో ఒకటి స్వదేశంలో ఉంటే రెండోది సముద్రాల అవతల ఉండాలి. సిపాయి 12 ఏళ్లకు సంతకం పెడతాడు. అందులో కొన్నేళ్లు పటాలంలో, మిగతావి రిజర్వులో. రిజర్వులోకి వెళ్లాక సొంత ఊళ్లో ఏ పనైనా చేసుకోవచ్చు, యుద్ధం వస్తే మాత్రం పిలవగానే రావాలి. సముద్రాల అవతల అంటే ఎక్కువమందికి హిందుస్తాన్ అనే అర్థం. 1914 నాటికి ఇక్కడ సుమారు 75 వేల మంది తెల్ల సిపాయిలు ఉండేవారు. మీరట్, రావల్పిండి, బెంగళూరు, మన సికింద్రాబాద్ ఆ కంటోన్మెంట్లలో పెద్దవి. సికింద్రాబాద్‌కు జనం నోట నిలిచిన పేరు లష్కర్, అంటే సైన్యం. ఏటా ఆషాఢంలో లష్కర్ బోనాలు అంటున్నప్పుడు మనం పలికేది ఆ కంటోన్మెంటు పేరునే.

వచ్చినవాళ్లు ఎవరు? దొరబిడ్డలు కారు. లండన్ మురికివాడల కుర్రాళ్లు, వేల్స్ గనుల్లో బొగ్గు తవ్వినవాళ్లు, ఐర్లండ్‌లో భూమి లేనివాళ్లు. రోజుకు ఒక షిల్లింగు జీతం. సొంతూళ్లో దానితో మర్యాదగా బతకడం కష్టం. ఇక్కడ లెక్క మారిపోయింది. 1899లో రూపాయి మారకం ఒక షిల్లింగు నాలుగు పెన్నీల దగ్గర స్థిరపడింది. అంటే పెన్నీకి అణా. షిల్లింగుకు 12 అణాలు. 12 అణాలు చేతిలో ఉన్నవాడికి ఈ దేశంలో ఎంత చాకిరీ దొరుకుతుందో ఆ కుర్రాడు మొదటి వారంలోనే చూశాడు.

తెల్లవారుజామున మంగలి బారకాసులోకి వస్తాడు. చేతిలో చిన్న లాంతరు, నీళ్ల గిన్నె, కత్తి. బాకా ఊదకముందే, మంచాల వరస వెంట నడుస్తూ, నిద్రపోతున్నవాళ్లను నిద్రపోతుండగానే గడ్డం గీసేసి వెళ్తాడు. లేచి తడుముకుంటే గడ్డం నున్నగా ఉంటుంది. ఆ పాత సిపాయిల జ్ఞాపకాల్లో ఈ మంగలి పదే పదే కనిపిస్తాడు. తర్వాత టీ పట్టుకుని చాయ్‌వాలా. తోలుతిత్తితో భిస్తీ. బట్టలకు ధోబీ. ఎండాకాలం పంఖా తాడు లాగేవాడు రాత్రంతా వరండాలో. వీళ్లందరికీ ఒక్కో సిపాయి ఇచ్చేది వారానికి కొద్ది అణాలే. తల్లి ఊళ్లో పరాయి ఇళ్ల బట్టలుతికి పెంచిన కొడుక్కి ఇక్కడ బట్టలుతికే మనిషి ఉన్నాడు. దీన్నే అతను 'కుషీ' అన్నాడు.

ఆ సుఖం ఆకాశం నుంచి ఊడిపడలేదు. పంఖా కింద పడుకున్నవాడికి చల్లగా ఉందంటే వరండాలో ఒకడు చెమటలు కక్కుతున్నాడన్నమాట. నిఘంటువులు ఈ మాటకు 'సులువైన, సుఖమైన' అని అర్థం రాసి ఊరుకుంటాయి. ఎవరి చాకిరీ మీద ఆ సులువు నిలబడిందో రాయవు. హైదరాబాద్ రాజ్యం సంగతి ఇంకా స్పష్టం. హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యాన్ని బ్రిటిష్ అధికారుల కింద పోషించే ఖర్చుకు 1853లో నిజాం బీరారు జిల్లాలనే వాళ్ల చేతికి అప్పగించాల్సి వచ్చింది.

సిపాయిలు నేర్చిన హిందుస్తానీ ఎలాంటిదో కూడా చూడాలి. దానిలో క్రియలన్నీ హుకుములే. 'దేఖో' విన్నారు, ఇంగ్లీషులో 'డెక్కో' అయింది. చూడటానికి ఇప్పటికీ బ్రిటన్‌లో ఆ మాట వాడతారు. 'పకడో' పకరో అయింది. 'జల్దీ' జిల్డీ అయింది. చూడు, పట్టుకో, తొందరగా రా: యజమాని నౌకరుతో ఆడే మాటలు తప్ప ఇంకేవీ వాళ్లకు అవసరం పడలేదు. వస్తువుల పేర్లు మరికొన్ని. వంట డేగిసా 'డిక్సీ' అయింది, బందూకు 'బండూక్' అయింది, బక్షీసు 'బక్‌షీ' అయి, ఉచితంగా దొరికినదానికి పేరుగా మారింది. వీళ్ల చెవి మాటలను ఎంత గట్టిగా వంచేదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. మొహర్రంలో, మన పీర్ల పండుగలో, వినిపించే 'యా హసన్, యా హుసేన్' కేక తెల్ల సిపాయి చెవిలో 'హాబ్సన్ జాబ్సన్' అయి కూర్చుంది. హెన్రీ యూల్, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన ఎ.సి. బర్నెల్ కలిసి కూర్చిన ఆంగ్లో ఇండియన్ పదకోశం 1886లో అదే పేరుతో వచ్చింది. ఈ హుకుముల మధ్య, గిన్నెల పేర్ల మధ్య, మనసు స్థితిని చెప్పే మాట ఒక్క ఖుష్ దొరకడం అరుదైన సంగతి. అదైనా అవతలివాడి సంతోషాన్ని అడగడానికి కాదు, తన సుఖాన్ని చెప్పుకోవడానికి.

ఇంతవరకు అది బారకాసుల మాటే. ఇంగ్లండులో మామూలు ఇళ్లలో ఎవరికీ తెలియదు. 1914 ఆగస్టు దాన్ని బయటికి లాగింది.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే ఫ్రాన్సుకు వెళ్లిన బ్రిటిష్ పదాతి పటాలాల్లో సగానికి పైగా రిజర్వు నుంచి పిలిచినవాళ్లు. ఇండియా చూసి వచ్చి గనుల్లో, రేవుల్లో పనిచేసుకుంటున్నవాళ్లు మళ్లీ బందూకు పట్టారు. అలాంటివాడు ఫ్రాంక్ రిచర్డ్స్. 1883లో పుట్టాడు, చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు, వేల్స్‌లో బంధువుల ఇంట్లో పెరిగి గనికెళ్లాడు. 1901లో రాయల్ వెల్ష్ ఫ్యూజిలియర్స్‌లో చేరి భారత్, బర్మాల్లో కొలువు చేశాడు. రిజర్వులోకి వెళ్లి మళ్లీ గనిలో పనిచేస్తుండగా పిలుపు వచ్చింది. యుద్ధం మొత్తం ఫ్రాన్సు, బెల్జియంలలో పోరాడి ప్రాణాలతో బయటపడ్డాడు. రెండు సాహస పతకాలు వచ్చినా పదోన్నతి ఒప్పుకోలేదు, చివరిదాకా మామూలు సిపాయే. యుద్ధం గురించి ఒక పుస్తకం 1933లో, ఇండియా రోజుల గురించి 'ఓల్డ్ సోల్జర్ సాహిబ్' 1936లో రాశాడు. కింది వరసలో నిలబడి చూసినవాడి మాట కాబట్టి నాకు జనరల్స్ ఆత్మకథలకన్నా ఈ రెండూ ఎక్కువ నమ్మకం కలిగిస్తాయి. పేరులోని సాహిబ్ చూడండి, అది కూడా మూటలో వచ్చిందే.

రిచర్డ్స్ ఉన్న రెండో పటాలం 1914 మార్చిలోనే ఇండియా నుంచి తిరిగొచ్చింది. మరుసటి ఏడు ఆ పటాలానికి యువ అధికారిగా వచ్చినవాడు రాబర్ట్ గ్రేవ్స్, తర్వాత పేరుమోసిన కవి. 1929లో వచ్చిన తన ఆత్మకథలో ఆ పటాలం తీరు రాశాడు. ఫ్రాన్సు చలిదేశమని మరిచి నిక్కర్లు తొడిగారట, ఇండియాలో తొడిగేవారు కాబట్టి. ఫ్రెంచి పల్లెల జనంతో హిందుస్తానీలో మాట్లాడేవారట. ఇండియాలో నేటివులను చూసినట్టే వాళ్లనూ చూసేవారట. ఎదుటివాడు తెల్లవాడైనా పరాయివాడే, పరాయివాడంటే హిందుస్తానీలో కసరాల్సినవాడే. సామ్రాజ్యం సిపాయికి నేర్పింది ఒక భాష మాత్రమే కాదని ఈ ఒక్క వివరం చెబుతుంది.

ఇలాంటి పాతకాపులే కొత్తగా చేరిన లక్షల కుర్రాళ్లకు గురువులయ్యారు. మొదట స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు, 1916 జనవరి చట్టం తర్వాత నిర్బంధంగా చేర్చినవాళ్లు. యుద్ధం ముగిసేసరికి 50 లక్షలకు పైగా మనుషులు బ్రిటిష్ సైన్యంలో పనిచేశారు. గుమాస్తాలు, బడిపంతుళ్లు, రైతులు అందరూ కందకాల్లో కూర్చుని డెక్కో, డిక్సీ, బక్‌షీ, కుషీ నేర్చుకున్నారు. వాటినే ఇంటికి ఉత్తరాల్లో రాశారు. ఈ అర్థంలో కుషీకి నిఘంటువులు సాధారణంగా చూపే ఏడాది 1915.

కందకాల్లోకి దిగాక మాట అర్థం బరువెక్కింది. బారకాసులో కుషీ అంటే చాకిరీ లేకపోవడం. కందకంలో కుషీ అంటే చావు కాస్త దూరంగా ఉండటం. కుషీ సెక్టార్ అంటే ఫిరంగులు పెద్దగా మోగని భాగం. అలాంటి చోట్లు నిజంగానే ఉండేవి. టోనీ ఆష్‌వర్త్ అనే సామాజిక శాస్త్రవేత్త 1980లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు. పొద్దున టిఫిను వేళ అటూ ఇటూ కాల్పులు ఆపేవారు. భోజనాల బండ్లు వచ్చే దారి మీద గుండ్లు వేయకపోవడం ఇరువైపులా రివాజయ్యేది. నోటి ఒప్పందం కూడా లేదు. వాడు కాల్చకపోతే మనమూ కాల్చం, అంతే. పై అధికారులకు ఇది కంటగింపు. అందుకే దాడులకు పంపి ఆ ప్రశాంతతను చెడగొట్టేవారు.

ఇంకా బరువైనది కుషీ గాయం. పిక్కలోనో, భుజం కండలోనో తూటా దూరి, ఎముకను తాకకుండా బయటికి పోయిందనుకోండి. ప్రాణానికి భయం లేదు, నిలబడి కాల్చే స్థితీ లేదు. కోటు గుండీకి ఒక చీటీ కడతారు, గాయం వివరాలతో. ఆ చీటీతో డ్రెస్సింగ్ కేంద్రానికి, అక్కడి నుంచి ఆస్పత్రి రైలుకు, రైలు నుంచి ఓడకు, ఓడ నుంచి ఇంగ్లండుకు. ఇంటికి చేర్చే గాయాన్ని 'బ్లైటీ' అని కూడా అనేవారు. అది మన విలాయతి. అరబ్బీలో ఒక వాలీ పాలించే సీమను విలాయత్ అంటారు. మన దగ్గరికొచ్చేసరికి అది సీమదేశానికి పేరైంది. వకారం బకారమై బిలాయతి. తెల్ల సిపాయి తన సొంత దేశాన్ని మనం పెట్టిన పేరుతో కలవరించాడు. 1916 జులై 1న ఫ్రాన్సులోని సోమ్ దగ్గర ఒక్క రోజులో 57,470 మంది బ్రిటిష్ సిపాయిలు చనిపోవడమో, గాయపడటమో, కనబడకుండా పోవడమో జరిగింది. అందులో 19,240 మంది మృతులు. అలాంటి చోట ఒంట్లోంచి తూటా పోవడం అదృష్టమని 20 ఏళ్ల కుర్రాడు లెక్కగట్టాడంటే, దానికి సంతోషం అనే మాట తప్ప వేరే మాట దొరకలేదంటే, ఆ బతుకు ఎలాంటిదో ఇంతకన్నా ఎవరూ చెప్పలేరు.

అదే కందకాల్లో ఈ మాటను పుట్టుకతో పలికేవాళ్లూ ఉన్నారు. లాహోర్, మీరట్ డివిజన్లు 1914 సెప్టెంబరు చివర్లో మార్సేయ్ రేవులో దిగడం మొదలైంది. 1915 మార్చిలో న్యూవ్ షాపెల్ దాడిలో సగం బలం భారతీయులదే. మన వైపు నుంచి సికింద్రాబాద్ అశ్విక బ్రిగేడ్ వెళ్లింది. అందులో 20వ దక్కన్ హార్స్ పూర్వం నిజాం రాజ్యపు గుర్రపు దళాల్లోంచి, ఇందాక చెప్పిన కంటింజెంట్‌లోంచి వచ్చింది. సిక్కులు, జాట్లతో పాటు దక్కనీ ముస్లింలూ అందులో సవార్లు. 1916 జులై 14 సాయంత్రం సోమ్ దగ్గర హై వుడ్ అనే అడవి పక్కన, పండిన గోధుమ చేలలో, 7వ డ్రాగూన్ గార్డ్స్‌తో కలిసి బల్లేలు దించి జర్మన్ల మీదికి గుర్రాలు ఉరికించింది. మరతుపాకుల యుగంలో బల్లేలు. ఆ చేలలో దాక్కున్నవాళ్లను కొందరిని చంపి, కొందరిని పట్టుకుని, రాత్రంతా అక్కడే నిలిచి తెల్లవారేలోగా వెనక్కి వచ్చింది.

ఈ సవార్లకు, సిపాయిలకు కుషీ గాయం లేదు. గాయపడితే బ్రైటన్‌లో రాజభవనాన్నే ఆస్పత్రిగా మార్చి బాగానే చూసుకున్నారు. కానీ వాళ్ల ఇల్లు ఇంగ్లిష్ చానల్ అవతల లేదు. మానిన గాయంతో మళ్లీ కందకానికే పంపారు. సెన్సారు చదివిన ఉత్తరాల్లో ఈ బాధ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఒకసారి దెబ్బతిన్నవాణ్ని తిరిగి పంపుతారా అని వాళ్లు ఇంటికి రాసుకున్నారు. బ్రిటిష్ సిపాయినీ నయమయ్యాక పంపేవారు, నిజమే. అతనికి నడుమ కనీసం అమ్మను చూసే భాగ్యం దొరికేది. మాట ఎవరి నోటి నుంచి పోయిందో వాళ్లకే అది చెప్పే సుఖం దక్కలేదు.

యుద్ధం అయ్యాక ఈ మాటలను ఏరి దాచే పని వెంటనే మొదలైంది. 1925లో ఫ్రేజర్, గిబ్బన్స్ సైనికుల, నావికుల పదకోశం వేశారు. 1930లో జాన్ బ్రోఫీ, ఎరిక్ పార్ట్రిడ్జ్ సిపాయి పాటలూ పదాలూ కలిపి తెచ్చారు. పార్ట్రిడ్జ్ న్యూజిలండ్‌లో పుట్టి, ఆస్ట్రేలియా పదాతి దళంలో గలిపోలీలో, ఫ్రాన్సులో పోరాడినవాడు. తను విన్న మాటలనే జీవితమంతా పోగుచేశాడు. చాలా సిపాయి మాటలు ఆ పుస్తకాల్లోనే సమాధి అయ్యాయి. పకరో ఈ రోజు ఎవరికీ తెలియదు. కుషీ మాత్రం యూనిఫాం విప్పేసి ఆఫీసుల్లోకి నడిచి బతికిపోయింది.

లండన్‌లో వినిపించే 'కుష్టి' అనే ఇంకో మాటతో దీన్ని కలపకూడదు. బాగుంది అనే అర్థంలో వాడే ఆ మాట బ్రిటన్‌లోని రోమా జనం భాషది. రోమా భాష కూడా శతాబ్దాల కిందట భారతదేశం నుంచే బయల్దేరింది, కానీ అది వేరే దారి, వేరే ప్రయాణం.

ఆఫీసుల్లోకి వచ్చాక కుషీలో మరో గుణం బయటపడింది. ఎవరూ తన ఉద్యోగాన్ని కుషీ అని చెప్పుకోరు. పక్కవాడిదే ఎప్పుడూ కుషీ. ముందు వరస కందకంలో ఉన్నవాడు వెనక స్టాఫ్ బంగళాలో ఉన్నవాణ్ని చూసి అన్న మాట కాబట్టి ఆ ఉడుకుమోతుతనం దానిలో అప్పుడే చేరింది. మన ఖుషీలో అది లేదు. పెళ్లి కుదిరినా, పంట ఇంటికి చేరినా, మనవడు పుట్టినా మనం ఖుషీ అంటాం, మన గురించే అంటాం. అందుకే 2001లో ఒకసారి, 2023లో ఒకసారి తెలుగు సినిమాకు ఆ పేరు పెట్టుకోగలిగారు. ఇంగ్లీషు కుషీ పేరుతో ప్రేమకథ తీయలేరు.

ఇండియాలో కొలువు ముగిసిన సిపాయిలందరూ వెంటనే ఇంటికి పోలేదు. సైనికుల ఓడలు చలికాలపు నెలల్లోనే నడిచేవి. మార్చి తర్వాత గడువు తీరినవాడు నాసిక్ పక్కన ఒక శిబిరంలో మళ్లీ ఓడ వచ్చేదాకా ఎండలో పనీపాటా లేకుండా కూర్చోవాలి. బందూకు తీసేసుకుంటారు, కవాతు ఉండదు, డబ్బు అయిపోతుంది. ఆ ఊరి పేరు దేవలాలి. ఇంగ్లీషులో పిచ్చెక్కడానికి ఆ ఊరి పేరే ఎలా స్థిరపడిందో వచ్చే వారం.

(సశేషం)